ఇరవై ఏడు పాదాలు

కళాశాల మైదానం పక్కనున్న సామాన్ల గది తలుపు మీద ఒక సోమవారం ఉదయం రెండు కాగితాలు వెలిశాయి. ఒకటి, పోయిన తాళంచెవి దొరికినవారు దయచేసి తెచ్చి ఇవ్వవలసిందిగా విన్నపం. రెండోది, ఆ మైదానంలో పరిగెత్తే, దూకే, విసిరే నలభైమంది విద్యార్థుల మనసుల్ని కొలిచి, మార్కులు వేసి, వరసగా పేర్చిన జాబితా. తాళంచెవిని ఎవరూ పట్టించుకోలేదు.

జాబితాలో చిట్టచివర ఉన్న మనిషి సూది.

సూది ఆ అమ్మాయికి కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. దర్జీ కూతురు, సన్నగా పొడుగ్గా ఉంటుంది, నోరు తెరిస్తే గుచ్చుకుంటుంది. మూడు కారణాలు ఒకేచోట దొరికాక మైదానం ఊరుకుంటుందా? మొదటి సంవత్సరం మొదటి వారంలోనే పేరు ఖాయమైపోయింది. ఇప్పుడు మూడో సంవత్సరం. హాజరు తీసేటప్పుడు అసలు పేరు పిలిస్తే, అదెవరా అని ఆమే ఒకసారి అటూ ఇటూ చూస్తోంది.

ఇక ఆ మార్కుల చరిత్ర. మనస్తత్వశాస్త్ర విభాగంలో పరిశోధన చేస్తున్న మేడమ్ ఒకావిడ, క్రీడాకారుల ఉద్వేగ ప్రజ్ఞ గురించి, అందులో ఆడా మగా తేడాల గురించి పెద్ద గ్రంథం తలపెట్టారు. అరవై ప్రశ్నల కాగితం పంచారు. ప్రతి ప్రశ్నకీ నాలుగు గడులు, ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. పదిహేడో ప్రశ్న ఇది: మీ జట్టులో ఒకరు బాధపడుతున్నట్టు కనిపిస్తే మీరేం చేస్తారు? ఓదారుస్తాను, ఒంటరిగా వదిలేస్తాను, వారి భారం కొంత నేను మోస్తాను, శిక్షకుడికి చెబుతాను. సూది నాలుగూ చదివింది. ఒక్కదాంట్లోనూ టిక్కు పెట్టకుండా పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో "బాధేనా కాదా అని అడుగుతాను" అని రాసింది. అలాంటి గడి శాస్త్రంలో లేదు కనక సున్నా. ఈ రకంగా ఖాళీలో రాసిన జవాబులు పద్నాలుగు. వెరసి నూటికి నలభై ఒకటి. సుత్తి విసిరే కుర్రాడు కాగితం సగంలో ఉండగా నిద్రపోయాడు. అతనికే నలభై ఆరు వచ్చాయి.

ఈ జాబితా గోప్యంగా ఉంచండని మేడమ్ మరీ మరీ చెప్పి సారు చేతికిచ్చారు. సారు అంటే ఆ మైదానానికి శిక్షకుడు. ముప్ఫై ఏళ్ళుగా మనుషుల్ని సెకన్లలో తప్ప చూసి ఎరగరు. అంకెలున్న కాగితం ఏదైనా తలుపుకి అంటించడమే ఆయనకి తెలిసిన మర్యాద.

పైన, మొట్టమొదటి వరసలో వెన్న. తొంభై మూడు. ఆ కుర్రాడి మనసు గురించి చెప్పడానికి మైదానానికి అంతకంటే మంచి మాట దొరకలేదు. ఎవరి కాలు పట్టేసినా ముందు వెన్నే వెళ్ళి కూర్చుని మర్దన చేస్తాడు. ఎవరు ఓడిపోయినా వాళ్ళకి నచ్చిన మాట వెన్న దగ్గర సిద్ధంగా ఉంటుంది. ముగ్గురు చెల్లెళ్ళ మధ్య పెరిగాడు. నలుగురూ బడికి నడిచి వెళ్ళేవాళ్ళు. అందరికంటే చిన్నది వెనకబడి ఏడవకుండా తన నడక తగ్గించుకోవడం అతనికి ఆరేళ్ళప్పుడే అలవాటైంది. వంద మీటర్లు పదకొండు సెకన్లలోపు పరిగెత్తే మనిషి, రోడ్డు మీద ఎవరితో నడిచినా వాళ్ళకంటే అరడుగు వెనకే ఉంటాడు.

సూది ఇంట్లో ఆ సౌకర్యాలేవీ లేవు. అమ్మ బట్టలు సరిచేసే దర్జీ. బస్టాండు వెనక సందులో రెండు మిషన్లు పట్టే దుకాణం. అమ్మకొక నియమం ఉంది. టేపు నడుముకి చుట్టగానే అంకె పైకి చదువుతుంది, సందు చివరికి వినబడేలా. దానివల్ల కొందరు నాజూకు మనుషులు ఎదురు దుకాణానికి తరలిపోయారు. "పోనీలే, గుసగుసగా కుట్టించుకుంటారు," అని అమ్మ దారం కొరికేసింది. నాన్న సరుకుల వ్యాను నడుపుతాడు, మాట్లాడడు. మాట్లాడలేక కాదు, ఆ ఇంట్లో ఇంకో నోటికి చోటు లేక. సూది పరుగు కూడా దుకాణంలోనే పుట్టింది. బడిగంట కొట్టేలోగా కుట్టిన బట్టలు నాలుగిళ్ళలో ఇచ్చి రావాలి. నాలుగో ఇల్లు బడికి ఎదురు దిక్కున ఉండేది. ఆ ఇంటాయన పుణ్యమా అని ఆమెకి క్రీడాకారుల కోటాలో కాలేజీ సీటొచ్చింది.

ఇంతకీ అసలు కథ రిలేది. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు, తలా వంద మీటర్లు. మొదట పరిగెత్తేవాడు హడావిడి, తుపాకీ పేలకముందే బయలుదేరే రకం. రెండో అమ్మాయి మూగనోము. ఆ పిల్ల నోటి నుంచి మైదానంలో ఎవరూ మూడు మాటలకి మించి వినలేదు. మూడోది సూది. చివర వెన్న.

రిలేలో చేతులు మారే చిన్న గొట్టాన్ని, బ్యాటన్‌ని, అందుకునే మనిషి వెనక్కి చూడకూడదు. తనకి కొంచెం వెనగ్గా ట్రాక్ మీద ఒక రంగు టేపు ముక్క అంటించుకుంటాడు. వచ్చే మనిషి కాలు ఆ టేపు తాకిన క్షణాన తల ముందుకి తిప్పేసి పరుగు మొదలుపెడతాడు. వెనకనుంచి "చెయ్యి!" అన్న కేక వినబడగానే చెయ్యి వెనక్కి చాస్తాడు. అంతే, ఇక నమ్మకమే. ఈ మార్పిడి ట్రాక్ మీద గీసిన రెండు గీతల మధ్య, ముప్ఫై మీటర్లలోపే అయిపోవాలి, చివరి గీత దాటితే జట్టు ఔట్. టేపు మరీ దగ్గరుంటే ఆలస్యంగా బయలుదేరతాడు, వచ్చేవాళ్ళు వీపెక్కేస్తారు. మరీ దూరముంటే ముందే వెళ్ళిపోతాడు, వచ్చేవాళ్ళకి అందడు. ఆ దూరాన్ని అందుకునేవాళ్ళే సొంత బూట్లతో, ఒకదాని మడమకి ఇంకోదాని కొస ఆనిస్తూ పాదాల లెక్కన కొలుచుకుంటారు. వెన్నది ఇరవై ఐదు పాదాలని సారు పుస్తకంలో రాసి ఉంది.

ఇక్కడ ఆ జట్టుకొక ఆచారం ఉంది. ఎవరి టేపు వాళ్ళదే. ఇంకొకరి టేపు కదపరు, లెక్కపెట్టరు, అడగరు. "పళ్ళుతోముకునే బ్రష్షూ, టేపు ముక్కా పంచుకునేవి కావు," అని సారు సిద్ధాంతం.

మూడు వారాలుగా మూడో మార్పిడి తగలడిపోతోంది. సూది వంపు తిరిగి రావడం, వెన్న వీపు మీదకి వెళ్ళిపోవడం, బూటు మేకులు అతని మడమ గీరడం, ఆపుకోబోయి తూలడం, బ్యాటన్ టంగుమని కింద పడడం. ఎనిమిదిసార్లలో ఐదుసార్లు ఇదే వరస. ప్రతిసారీ వెన్న గీరుకుపోయిన మడమ చూసుకోకుండా ముందు బ్యాటన్ తీసి ఆమెకిచ్చేవాడు.

"తప్పు నాదే, సూదీ."

ఆ మాటకి మైదానం మైదానమంతా కరిగిపోయేది. తొంభై మూడంటే మాటలా!

"రక్తం కారుతున్నా తప్పు తనదే అంటాడు చూడరా," అనేవాడు హడావిడి. "సూదీ, వాడికి బ్యాటన్ ఇస్తావా, ఇంజెక్షన్ ఇస్తావా?"

"నీకు తుపాకీ వినిపించే మందు దొరికాక, నాకు చెప్పు."

సారుకి మాత్రం నవ్వు రాలేదు. సోమవారం సాయంత్రం నలుగురినీ నిలబెట్టారు. "మొదటి రెండు మార్పిళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. ఆడపిల్ల చేతిలోంచి మగపిల్లాడి చేతిలోకి వెళ్ళేటప్పుడే ఎందుకు పడుతోంది?"

మొదటి మార్పిడిలో మగపిల్లాడి చేతిలోంచి ఆడపిల్ల చేతిలోకి చక్కగానే వెళ్తోందని ఎవరూ గుర్తుచేయలేదు. మూగనోము ఏదో అనబోయి నోము నిలబెట్టుకుంది.

"కంగారు. చివర్లో కంగారు," అని సారే తీర్పు చెప్పారు. "నలభై ఒకటి చూసినప్పుడే అనుకున్నాను. చూడమ్మాయ్, శనివారం పరీక్ష పరుగు. నలభై ఏడు సెకన్లలోపు, బ్యాటన్ పడకుండా. అయిందా, జట్టు ఇదే. కాలేదా, మూడో చోటులో లాంగ్ జంప్ పిల్ల పరిగెడుతుంది. అంతర్ కళాశాలల పోటీకి పేర్లు ఆ సాయంత్రమే పంపాలి."

సూదికి ఇది చివరి సంవత్సరం. ఇంకో పోటీ లేదు, ఇంకో జట్టు లేదు. మూడేళ్ళు పొద్దున్నే అయిదింటికి లేచింది ఆ వంపు కోసం. అంతకంటే కడుపులో మండింది ఇంకోటి. చోటు పోయినా ఓర్చుకోవచ్చు, కంగారుపడే ఆడపిల్ల అన్న ముద్రతో పోవడం మాత్రం ఆమెకి మింగుడుపడలేదు. ఎందుకంటే తనకి కంగారు లేదు. ఉందేమో అని మంగళవారం వెతుక్కుంది. పరిశోధక మేడమ్ కళ్ళు మెరుస్తుండగా, "నీ ఉదాహరణ నా నాలుగో అధ్యాయానికి చాలా ఉపయోగపడుతుందమ్మా," అని దీర్ఘశ్వాసలు నేర్పించారు. బుధవారం పొద్దున సూది దీర్ఘశ్వాసలు తీసి, మనసు ప్రశాంతంగా పెట్టుకుని, అత్యంత ప్రశాంతంగా వెళ్ళి వెన్న వీపుకి కొట్టుకుంది.

ఆ సాయంత్రం దుకాణంలో గుండీలు కుడుతూ కూర్చుంది. ఒక గుమస్తాగారు కొత్త ప్యాంటు పట్టుకుని వచ్చాడు. కొలత చీటీ మీద రాసి పంపించి కుట్టించుకున్నది. వేసుకుంటే గుండీ పట్టడం లేదు. అమ్మ టేపు చుట్టింది.

"ముప్ఫై ఎనిమిది!"

సందులో సైకిలు తొక్కుతున్న మనిషి ఒకడు తలతిప్పి చూశాడు.

"కాస్త మెల్లిగా అనండమ్మా..."

"చీటీలో ముప్ఫై ఆరు రాశారు. ఎవరండీ కొలిచింది?"

"మా ఆవిడ."

"ఆవిడకి మీరంటే మహా ప్రేమండీ. మీ మనసు కష్టపెట్టకూడదని రెండంగుళాలు తగ్గించింది. ఆ ప్రేమే ఇప్పుడు గుండీ దగ్గర బిగుసుకుంది."

సూది చేతిలో దారం ఆగిపోయింది. కళ్ళు మూసుకుని మైదానం చూసింది. దర్జీ పిల్లకి దూరాలు కంట్లో ఉంటాయి. ట్రాక్ అంచున ఒక నీటి కాలవ జాలీ ఉంది. వెన్నవి పడవల్లాంటి బూట్లు. అతని గీత నుంచి అవి ఇరవై ఐదు పేరిస్తే టేపు జాలీకి అవతల పడాలి. మూడు వారాలుగా టేపు జాలీకంటే వెన్న వైపే కనిపిస్తోంది.

"ఏమే, గుండీ చొక్కాకి కుడుతున్నావా, నీ వేలికా?" అంది అమ్మ.

"అమ్మా, రేపు నీ టేపు పట్టుకెళ్తా."

"దేనికే?"

"ఒకళ్ళ ప్రేమ కొలవాలి."

తల్లి కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసింది. కాలేజీ చదువుకి పంపినందుకు ఇలాంటి ప్రమాదాలు ఉంటాయని ఆవిడకి ముందే తెలుసు. "పోగొట్టకు. అది కొత్తది," అంది.

గురువారం పొద్దున, మిగతావాళ్ళు మైదానం చుట్టూ నెమ్మది పరుగులో ఉండగా సూది ఆచారాన్ని మంటగలిపింది. మేకుల బూట్లు వేసుకునేందుకు వెన్న విడిచిపెట్టిన మామూలు బూటు ఒకటి చేతిలోకి తీసుకుంది. ట్రాక్ మీద మోకాళ్ళ మీద కూర్చుని, అతను నిలబడే గీత దగ్గర్నుంచి టేపు దాకా, బూటు కొస దగ్గర వేలు ఆనించి, అక్కడికి మడమ జరుపుకుంటూ పోయింది. దూరం నుంచి చూసినవాళ్ళకి, ఒక బూటు కొత్తగా నడక నేర్చుకుంటుంటే పక్కన ఎవరో పాకుతూ పట్టుకున్నట్టుంది.

పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటి. టేపు వచ్చేసింది.

నమ్మకం లేక అమ్మ టేపుతోనూ కొలిచింది. ఆరు మీటర్ల మీద ఒక బెత్తెడు. ఉండాల్సిన దానికి మీటరు పైగా తక్కువ.

తల ఎత్తేసరికి వెన్న ఎదురుగా, ఒక కాలికి బూటుతో, రెండో కాలికి మేజోడుతో నిలబడి ఉన్నాడు. అతని వెనక హడావిడి.

"ఏంటి సూదీ, బూట్ల కొట్టు పెడుతున్నావా?" అన్నాడు హడావిడి.

"నువ్వెళ్ళరా," అంది సూది. ఆ గొంతు విని హడావిడి జీవితంలో మొదటిసారి సరైన సమయానికి బయలుదేరాడు.

"ఇరవై ఒకటి," అంది, సందు చివరికి వినబడేలా.

వెన్న ముఖం వెన్నలాగే తెల్లబడింది. "మెల్లిగా సూదీ..."

"ఎప్పట్నుంచి?"

"మూడు వారాలు."

"ఎందుకు?"

వెన్న కింద కూర్చున్నాడు. "మొదటి రోజు ఇరవై ఐదు పెట్టినప్పుడు నేను నీకు అందలేదు, గుర్తుందా? జానెడు దూరంలో తప్పిపోయింది. తర్వాత నువ్వు కుళాయి దగ్గరికెళ్ళి చాలాసేపు ఉన్నావు. ముఖమంతా తడి. ఏడుస్తున్నావని... నలుగురిలో అడిగితే నీకు చిన్నతనంగా ఉంటుందని ఊరుకున్నా. రోజూ ఒక పాదం దగ్గరికి జరిపాను. అందితే నీకు ధైర్యం వస్తుంది కదా అని."

"వెన్నా."

"ఊఁ."

"నేను ముఖం కడుక్కున్నా."

తొంభై మూడు మార్కులు వెన్న ముఖం మీంచి ఒక్కొక్కటే దిగిపోవడం కనిపించింది.

"కంట్లో ఇసక పడింది. అదీ సంగతి. నీ దయవల్ల మూడు వారాల నుంచి నా కంగారు గురించి ఊరంతా మాట్లాడుకుంటోంది. మేడమ్ పుస్తకంలో నాకో అధ్యాయం కూడా ఉంది. వాళ్ళలా అంటుంటే పక్కనే నిలబడ్డావు కదా?"

"తప్పు నాదే అని ప్రతిసారీ చెప్పాను కదా సూదీ!"

ఆ మాటకి సూది తిట్టబోయి ఆగింది. నిజమే, చెప్పాడు. ఐదుసార్లు చెప్పాడు. మంచితనమనుకుని అందరూ మురిసిపోయారే గాని, ఏం తప్పురా అని ఒక్కరూ అడగలేదు. అడుగుతాను అని పదిహేడో ప్రశ్న పక్కన గొప్పగా రాసిన మనిషి కూడా అడగలేదు. నలభై ఒకటి మరీ అన్యాయమేం కాదేమో అని ఆమెకి ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం దాటాక బూటు అతని ఒళ్ళో పెట్టింది.

"సారుకి నువ్వే చెప్పు. ఇవాళే. తర్వాత ఇరవై ఏడు పెట్టు."

"ఇరవై ఐదు కదా?"

"ఇరవై ఐదు మూడు వారాల కిందటి కొలత. నీ వీపుకి అంత గట్టిగా కొట్టుకుంటున్నానంటే నా వేగం పెరిగినట్టే కదా. ఇరవై ఏడు."

"అందకపోతే? శనివారం అందరి ముందూ..."

"అందకపోతే అందలేదని అందరికీ కనబడుతుంది. అది నాది. నాది నాకివ్వు, నువ్వు దాచకు. నన్నెవరూ ఎత్తుకుని పరిగెత్తక్కర్లేదు. నువ్వు పారిపో, నేను పట్టుకుంటా. మన పనే అది."

వెన్న బూటు వేసుకుంటూ మెల్లిగా అన్నాడు, "చిన్న చెల్లి కూడా ఈ మధ్య ఇదే అంటోంది. ముందు నడువన్నయ్యా, నా వల్ల నువ్వు మెల్లిగా నడుస్తుంటే చిరాగ్గా ఉంది అని."

"దానికెంతొచ్చాయి మార్కులు?"

అప్పుడు నవ్వాడు.

సారు కూర్చునే ఆ సామాన్ల గదిలోకి వెన్న వెళ్ళడం గురువారం జరగలేదు. తలుపు దాకా రెండుసార్లు వెళ్ళి, తాళంచెవి విన్నపం శ్రద్ధగా చదివి వచ్చాడు. శుక్రవారం మధ్యాహ్నం సూది మెట్ల మీద కూర్చుని, వెళ్ళు అనలేదు, అతన్ని చూస్తూ ఉంది, అంతే. వెళ్ళాడు. ఆ పావుగంటలో లోపల ఏం జరిగిందో తెలియదుగాని, సారు బయటికొచ్చి జాబితా కాగితం చింపకుండా జాగ్రత్తగా ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన లెక్కలో అది క్షమాపణ. పైకి అన్నది మాత్రం, "రేపు రేపే. నలభై ఏడు నలభై ఏడే."

"అలాగే సార్. నేనేం పెంచమనలేదు," అంది సూది.

శనివారం. లాంగ్ జంప్ పిల్ల పక్కన కాళ్ళు సాగదీస్తోంది. పాపం, ఆ పిల్లకి ఈ గొడవేదీ తెలియదు. సారు చేతిలో గడియారం. మేడమ్ ఒక మూల పుస్తకంతో. వెన్న తన గీత దగ్గర నిలబడి బూటు బూటుకి ఆనిస్తూ వెనక్కి నడిచాడు. నడుస్తూ లెక్క పైకి చదివాడు. మొదట మెల్లిగా, పదిహేను దాటాక మైదానం చివరికి వినబడేలా. "ఇరవై ఐదు. ఇరవై ఆరు. ఇరవై ఏడు!" టేపు జాలీకి అవతల అంటించాడు. ఆ జట్టు చరిత్రలో ఒకరి గుర్తు అందరికీ తెలియడం అదే మొదలు.

తుపాకీ పేలింది. పేలాకే హడావిడి కదిలాడు. మూగనోము చేతిలోకి బ్యాటన్ వెళ్ళింది. సూది తన టేపు మీద కళ్ళు పెట్టింది, కదిలింది, చెయ్యి చాచింది, అరచేతిలో చల్లగా తగిలింది.

వంపు ఆమెది. భుజం లోపలికి వంచి గీతని అంటిపెట్టుకుని వచ్చింది. వంపు విడిపోయేసరికి వెన్న ముఖం ఒక క్షణం కనిపించింది. ఆమె కాలు టేపు తాకింది. ముఖం మాయమైంది, వీపు మిగిలింది. ఆ వీపు నిజంగానే పారిపోతోంది. మూడేళ్ళలో ఆ కుర్రాడు తననుంచి అలా పారిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. మధ్యలో నాలుగు మీటర్లు. మూడు. తర్వాత మూడే ఉండిపోయింది, తగ్గనంది. మార్పిడి గీతల మధ్య ముప్ఫై మీటర్లలో సగం అయిపోయాయి. ఒక్కసారి వెనక్కి చూస్తే, ఒక్క అడుగు తగ్గిస్తే అందేస్తాడు. చూడకు, అనుకుంది సూది పళ్ళ బిగువున. చూశావో, నీ మడమ ఈసారి కావాలనే గీరతాను.

అతను చూడలేదు.

రెండు మీటర్లు. ఒకటిన్నర. మోకాళ్ళు ఇంక లేవవన్న చోట ఇంకో నాలుగడుగులు వేసింది. నాలుగో ఇల్లు ఎదురు దిక్కున ఉన్న రోజుల్లో వేసినట్టు.

"చెయ్యి!"

చెయ్యి వెనక్కి వచ్చింది. ఆమె ఒళ్ళంతా ముందుకి విసిరి బ్యాటన్ అందులో కుక్కింది. వేళ్ళు ముడుచుకున్నాయి. చివరి గీతకి రెండడుగులు మిగిలి ఉన్నాయి. సూది ట్రాక్ మీద బోర్లా పడింది. అలా పడే ఉండి అతను వెళ్ళడం చూసింది.

"నలభై ఆరు, ఎనిమిది," అన్నారు సారు. ఇంకోసారి గడియారం చూసుకుని, ఎవరితోనూ కాదన్నట్టు, "పేర్లు ఇవే," అన్నారు.

మూగనోము వచ్చి ఆమెని లేవదీసింది. "నాకు ముందే తెలుసు," అంది. మూడు మాటలూ అయిపోయాయి కనక ఇంకేమీ అనలేదు.

సూది కుళాయి దగ్గరికి నడిచింది. తల మొత్తం నీళ్ళ కింద పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది. వెనక అడుగుల చప్పుడు అయి ఆగింది. వెన్న అక్కడే నిలబడ్డాడు. నీళ్ళ సీసా ఇవ్వబోలేదు, మంచిమాటలు చెప్పబోలేదు.

"సూదీ, ఏడుస్తున్నావా, ముఖం కడుక్కుంటున్నావా?"

సూది కుళాయి కట్టేసింది. చొక్కా చేతికి ముఖం తుడుచుకుని ఆలోచించింది. అడిగాడు కనక సరిగ్గా చెప్పాలి.

"రెండూ."

"సరే," అన్నాడు.

"రెండడుగులు మిగిలాయి చూశావా? సోమవారం ఇరవై ఏడున్నర పెట్టు."